ఓటు మనది... సీటు ఎవరిది?

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో నియోజకవర్గాల వారీగా పెద్ద పట్టిక ఒకటి వేస్తారు చూడండి. ఎవరు గెలిచారు, ఎవరి మీద గెలిచారు, ఎన్ని ఓట్ల తేడాతో గెలిచారు అని చిన్న చిన్న అక్షరాలతో పేజీ నిండా ఉంటుంది. దాన్ని మన ఇళ్ళల్లో మగవాళ్ళు కళ్ళజోడు సవరించుకుని మరీ చదువుతారు. టీ చల్లారిపోయినా పట్టించుకోరు. నాలుగు రోజులయ్యాక ఆ పేజీ మన చేతికి వస్తుంది. మనమేమో దాన్ని వంటింటి అరలో డబ్బాల కింద పరుస్తాం!

తెలంగాణ శాసనసభకు 2023 నవంబరు 30న పోలింగు జరిగింది. డిసెంబరు 3న ఓట్లు లెక్కపెట్టారు. ఆ మర్నాటి పట్టికని నేను డబ్బాల కింద పరచలేదు. మడిచి దాచుకున్నాను. కథలు రాసే అలవాటు ఉన్నదాన్ని కదా, ఆ అంకెల వెనక బోలెడు కథలు కనిపించాయి. మా పాప ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుని ఆడవాళ్ళ పేర్లున్న చోటల్లా గీత గీశాను. 119 వరసల్లో గీతలు పడ్డది పదింటికే.

ఎప్పుడో జరిగిపోయిన ఎన్నికల ముచ్చట ఇప్పుడెందుకమ్మా అంటారేమో. ఎందుకంటే మహిళా రిజర్వేషన్ వస్తుందని, మన సీట్లు మనకొస్తాయని అందరూ అంటున్నారు. వచ్చే సీట్లు ఎవరికి దక్కుతాయో ఊహించాలంటే జోస్యం చెప్పించుకోనక్కర్లేదు. ఉన్న సీట్లు ఇప్పటిదాకా ఎవరికి, ఎట్లా దక్కాయో చూస్తే చాలు. ఆ పాత పట్టికే మనకు పంచాంగం.

లెక్క మనదే, లెక్కలో లేనిదీ మనమే

ముందు అందరికీ తెలిసిన లెక్క ఒకసారి చెప్పుకుందాం. మొత్తం 119 స్థానాల్లో కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8, మజ్లిస్‌కు 7, సీపీఐకి 1 వచ్చాయి. అంతకుముందు 2018లో అదే గులాబీ పార్టీకి 88 సీట్లు, కాంగ్రెస్‌కు 19. అంటే అయిదేళ్ళలో బండి పూర్తిగా అటునుంచి ఇటు తిరిగింది. కానీ ఓట్ల శాతం చూస్తే కాంగ్రెస్‌కు 39.40, బీఆర్ఎస్‌కు 37.35. తేడా రెండు శాతమే. వంద మందిలో ఇద్దరు మనసు మార్చుకుంటే ప్రభుత్వమే మారిపోయిందన్న మాట. ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అని పోలింగు రోజున ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్ జిల్లాలో ఆరోజు సగం మంది కూడా ఓటుకు రాలేదు. చేవెళ్ళలోనేమో గెలుపోటముల మధ్య తేడా 268 ఓట్లే. ఒక అపార్ట్‌మెంటు వాళ్ళు తలుచుకుంటే సరిపోయే తేడా అది.

ఇక మన లెక్క. ఆ ఎన్నికలకు తయారైన జాబితాలో మగ ఓటర్లు 1,62,98,418 మంది, ఆడ ఓటర్లు 1,63,01,705 మంది. మనమే 3,287 మంది ఎక్కువ. పోటీ చేసిన 2,290 మందిలో మాత్రం ఆడవాళ్ళు 221 మంది. పదిమంది నిలబడితే అందులో ఒక ఆడమనిషి కూడా లేనట్టే. గెలిచింది పదిమంది. 2018లో ఆరుగురే గెలిచారు కాబట్టి ఇది పెరుగుదలేనట! పెరుగుదలే, కాదనను. ఆరు రొట్టెలకు బదులు పది రొట్టెలు వచ్చాయి. ఇంట్లో జనం మాత్రం 119 మంది.

పాతకాలంలో ఆడవాళ్ళు రాజకీయాల్లోకి వచ్చేవాళ్ళు కాదు, ఇప్పుడిప్పుడే వస్తున్నారు అని కొందరంటారు. అది నిజం కాదు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు 1952, 1957, 1962లలో వరసగా మూడుసార్లు గెలిచారు. ఎల్లారెడ్డి నుంచి ఈశ్వరీబాయి గారు 1967లో, 1972లో గెలిచారు. మన అమ్మమ్మలు ఓట్లేసిన కాలంలోనే ఆడవాళ్ళు సభలో గొంతెత్తి మాట్లాడారు. కాబట్టి ఆడవాళ్ళకు చాతకాదన్న మాట మొదట్నుంచీ లేదు. అవకాశం ఇవ్వడానికి ఇచ్చేవాళ్ళకే చెయ్యి రావడం లేదు.

మా ఓరుగల్లు చుట్టూ ముగ్గురు

మేముండేది హనుమకొండలో. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని 12 సీట్లలో కాంగ్రెస్ 10 గెలుచుకుంది. ఆ పదింట్లో ముగ్గురు ఆడవాళ్ళు. రాష్ట్రం మొత్తం మీద పదిమంది గెలిస్తే అందులో ముగ్గురు మా చుట్టుపక్కలవాళ్ళేనని మా వీధిలో ఆడవాళ్ళం కాస్త గర్వపడ్డ మాట నిజం.

ములుగులో సీతక్క గెలిచారు. ఆధిక్యం 33,700. ఆమె మీద పోటీ చేసింది కూడా ఆడమనిషే, బడే నాగజ్యోతి. సీతక్క ఒకప్పుడు అడవిలో నక్సలైటు. నాగజ్యోతి తండ్రి మావోయిస్టు ఉద్యమంలో పనిచేసి చనిపోయారు. అడవి దారి నుంచి వచ్చిన ఇద్దరు గిరిజన స్త్రీలు బ్యాలెట్ దారిలో ఎదురుపడ్డారు. కథగా రాస్తే సినిమాలా ఉందంటారు. కానీ నిజంగా జరిగింది. ఒక పెద్ద పార్టీ ఆడమనిషిని నిలబెడితే ఇంకో పెద్ద పార్టీ కూడా ఆడమనిషినే వెతుక్కుందంటే, తలుచుకుంటే అభ్యర్థులు దొరుకుతారనేగా అర్థం?

వరంగల్ తూర్పులో కొండా సురేఖ 15,652 ఓట్ల తేడాతో గెలిచారు. 1999 నుంచి గెలుస్తూ ఓడుతూ నిలబడ్డ మనిషి. తర్వాత వీళ్ళిద్దరూ మంత్రులయ్యారు. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి కూడా లేదని, 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబరు దాకా అట్లాగే గడిచిందని గుర్తు చేసుకుంటే, మొదటి రోజే ఇద్దరు ప్రమాణం చెయ్యడం చిన్న సంగతి కాదు.

పాలకుర్తి సంగతి అందరూ చెప్పుకున్నారు. ఎర్రబెల్లి దయాకర్‌రావు గారంటే ఎన్నోసార్లు గెలిచిన మనిషి, అప్పటికి మంత్రి. ఆయన మీద 26 ఏళ్ళ యశస్విని రెడ్డి 47,634 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. నిజానికి అక్కడ పోటీ చెయ్యాలనుకున్నది ఆమె అత్తగారు ఝాన్సీ రెడ్డి. అమెరికాలో స్థిరపడ్డ ఆమెకు పౌరసత్వం విషయంలో అడ్డం వచ్చేసరికి కోడలు బరిలోకి దిగింది. అత్తాకోడళ్ళు కలిస్తే మంత్రిగారే ఓడిపోతారని మా వీధిలో కొన్నాళ్ళు నవ్వుకున్నాం. అత్తాకోడళ్ళంటే కొట్లాటలేనని సీరియళ్ళు తీసేవాళ్ళకి పాలకుర్తి ఫలితం ఒకసారి చూపించాలి!

అదే జిల్లాలో నాలుగో ఆడమనిషి కథ మాత్రం అట్లా ముగియలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో కాంగ్రెస్ నుంచి సింగపురం ఇందిర నిలబడి కడియం శ్రీహరి గారి చేతిలో ఓడిపోయారు. జిల్లా అంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఆమెకు అందలేదు. 2024 మార్చిలో ఆ గెలిచిన శ్రీహరి గారే కూతురు కావ్యతో సహా కాంగ్రెస్‌లోకి వచ్చేశారు. కావ్య వరంగల్ నుంచి లోక్‌సభకు గెలిచారు. డాక్టరమ్మ గెలుపు మనందరికీ సంతోషమే. కానీ పార్టీ జెండా మోసి ఓడిపోయిన ఆడమనిషి, తనను ఓడించిన మనిషే తన పార్టీలోకి వస్తే ఎక్కడ నిలబడాలి? ఈ ప్రశ్న పట్టికలో ఉండదు.

పుట్టిల్లు, అత్తిల్లు, టికెట్టు

మిగిలిన ఏడు ఎర్ర గీతలు చూద్దాం. కోదాడలో పద్మావతి రెడ్డి, ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారి భార్య. సత్తుపల్లిలో డాక్టర్ మట్టా రాగమయి. భర్త దయానంద్ 2014లో అక్కడే పోటీ చేసి ఓడినవారు. అక్కడ వరసగా మూడుసార్లు గెలిచిన సండ్ర వెంకటవీరయ్య గారిని ఆమె 19,440 ఓట్ల తేడాతో ఓడించారు. నారాయణపేటలో చిట్టెం పర్ణికా రెడ్డి, ఈమె కూడా వైద్యం చదివిన అమ్మాయే. తాత నర్సిరెడ్డి గారు ఎమ్మెల్యేగా ఉండగా 2005 ఆగస్టు 15న మావోయిస్టుల కాల్పుల్లో చనిపోయారు. అదే రోజు ఆమె తండ్రి కూడా. ఆ ఇంటి పిల్ల 7,951 ఓట్ల తేడాతో గెలిచింది. ఈ ముగ్గురూ కాంగ్రెస్.

బీఆర్ఎస్ నుంచి నలుగురు. మహేశ్వరంలో సబితా ఇంద్రారెడ్డి. 2000లో భర్త ఇంద్రారెడ్డి గారు రోడ్డు ప్రమాదంలో పోయాక ఉప ఎన్నికతో వచ్చారు, ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి దాకా ఎదిగారు. నర్సాపూర్‌లో సునీతా లక్ష్మారెడ్డి, ఆమె కూడా భర్త పోయాక 1999లో వచ్చిన మనిషే. ఆసిఫాబాద్‌లో కోవ లక్ష్మి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో లాస్య నందిత. అయిదుసార్లు ఎమ్మెల్యే అయిన తండ్రి సాయన్న గారు 2023 ఫిబ్రవరిలో పోతే ఆ సీటు కూతురికి వచ్చింది.

గమనించారా? పదిమందిలో ఎనిమిదిమంది వెనక ఒక తండ్రో, తాతో, భర్తో, అత్తగారో కనిపిస్తున్నారు. పూర్తిగా వేరుగా నిలబడేది సీతక్క.

ఈ మాట అనగానే మా వారు, "చూశావా, అంతా వారసత్వమే. ఆడవాళ్ళ రాజకీయం అంటే ఇంతే" అన్నారు. నేను ఊరుకోలేదు. అదే పట్టిక మళ్ళీ ఆయన ముందు పెట్టాను. సిరిసిల్ల ఎవరిది, సిద్దిపేట ఎవరిది? నల్గొండ, మునుగోడు అన్నదమ్ములవి కావా? చెన్నూరు, బెల్లంపల్లి ఇంకో అన్నదమ్ములవి కావా? మెదక్‌లో ఇంతకుముందు గెలిచిన పద్మా దేవేందర్ రెడ్డి గారిని ఓడించిన కుర్రాడు మైనంపల్లి వారి అబ్బాయి కాదా? మగపిల్లాడు తండ్రి సీటుకు వస్తే "నాయకత్వం" అంటారు, ఆడపిల్ల వస్తే "వారసత్వం" అంటారు. పొలం పంపకాల దగ్గర్నుంచి మనం వింటున్న మాటే ఇది. కొడుక్కిస్తే హక్కు, కూతురికిస్తే కట్నం.

అట్లాగని ఇల్లే దారి కావడం మంచిదని కాదు నా మాట. ఇల్లు లేని ఆడపిల్ల సంగతేమిటన్నదే నా ప్రశ్న. కొల్లాపూర్‌లో శిరీష అనే అమ్మాయి నిలబడింది. బర్రెలక్క అంటే అందరికీ తెలుస్తుంది. డిగ్రీ చదివినా ఉద్యోగం రాలేదు, బర్రెలు కాస్తున్నానని వీడియో పెట్టి పేరు తెచ్చుకున్న పిల్ల. పార్టీ లేదు, డబ్బు లేదు. నిరుద్యోగం మీద మాట్లాడుతూ ఇండిపెండెంటుగా నిలబడితే ఆమె కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చి ప్రచారం చేశారు. వచ్చినవి అయిదు వేల పైచిలుకు ఓట్లు. డిపాజిట్టు రాలేదు. ఫోన్లో ఆమెకు లక్షలమంది చప్పట్లు కొట్టారు. కొల్లాపూర్ ఓటరు మాత్రం గెలిచే మనిషిని చూసుకుని వేశాడు. చప్పట్లకీ ఓట్లకీ మధ్య ఉన్న దూరాన్నే పార్టీ టికెట్టు అంటారు.

ఆడవాళ్ళు గెలవరా?

టికెట్ల దగ్గర పార్టీలు చెప్పే మాట ఒకటుంది. "ఇద్దామనే ఉంది, కానీ గెలిచే అభ్యర్థి కావాలి కదమ్మా!" ఈ మాటకు జవాబు కూడా ఆ పట్టికలోనే ఉంది. కాస్త ఓపికగా లెక్క వెయ్యండి.

2023 ఆగస్టులో బీఆర్ఎస్ 115 మందితో జాబితా ఇస్తే అందులో ఆడవాళ్ళు ఏడుగురు. తర్వాత నర్సాపూర్ కలిపి ఎనిమిది. ఆ ఎనిమిదిమందిలో నలుగురు గెలిచారు, నలుగురు ఓడారు. సగానికి సగం. పార్టీ మొత్తంగా చూస్తే 119కి 39, అంటే మూడింట ఒక వంతు. పార్టీ గాలి ఎదురు తిరిగిన ఎన్నికల్లో మగ అభ్యర్థులకన్నా ఆడవాళ్ళే ఎక్కువ పాళ్ళలో గెలిచారన్న మాట! కాంగ్రెస్‌లోనూ నిలబడ్డ ఆడవాళ్ళలో దాదాపు సగం మంది గెలిచారు. పార్టీ మొత్తం సగటూ సగానికి కాస్త పైనే. తేడా ఏమీ లేదు.

పైగా ఓడినవాళ్ళు ఎక్కడ ఓడారో చూడండి. ఖైరతాబాద్, సనత్‌నగర్, గోషామహల్, కంటోన్మెంట్... కాంగ్రెస్ తన ఆడ అభ్యర్థుల్లో నలుగురిని హైదరాబాద్ జిల్లాలో నిలబెట్టింది. ఆ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు. మజ్లిస్‌కు 7, బీఆర్ఎస్‌కు 7, గోషామహల్ బీజేపీకి. పీజేఆర్ గారి కూతురైనా, గద్దర్ గారి కూతురైనా ఆ గాలికి నిలవలేకపోయారు. అక్కడ మగవాళ్ళూ ఓడారు. మరి ఓడే చోట నలుగురిని నిలబెట్టి, ఆడవాళ్ళు గెలవరని అంటే ఎట్లా? గుల్ల గింజలు చేతిలో పెట్టి, నీ చేతికి పంట రాదన్నట్టు.

ఇంకో సంగతి కూడా ఉంది. రాష్ట్రంలో 88 జనరల్ సీట్లు, 19 ఎస్సీ, 12 ఎస్టీ సీట్లు. గెలిచిన పదిమందిలో ఆరుగురు జనరల్ సీట్ల నుంచి, ఇద్దరు ఎస్సీ, ఇద్దరు ఎస్టీ సీట్ల నుంచి వచ్చారు. అంటే రిజర్వుడు సీట్లలోనే ఆడవాళ్ళ పాలు కాస్త ఎక్కువ. ఆ ఆరు జనరల్ సీట్లలో రెడ్లెంతమంది, బీసీ స్త్రీలెంతమంది అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే ఇంకో కథ బయటపడుతుంది. ఆడవాళ్ళు అన్న ఒక్క మాట కింద అందరం ఒక్కటి కాదు. బీసీ స్త్రీకి, ముస్లిం స్త్రీకి ఈ పట్టికలో తలుపు మరీ ఇరుకు.

171 ఓట్లు, 756 ఓట్లు

ఈ పట్టికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి గెలుపులు కాదు, గెలుపు వెనకాల ఉన్న పాత ఓటములు.

ఆసిఫాబాద్‌లో కోవ లక్ష్మి 2018లో ఓడిపోయారు. ఎన్ని ఓట్లతో అనుకున్నారు? 171. ఒక్క బూత్‌లో ఒక గంట సేపు క్యూలో ఉండే జనం. అంత చేరువలో ఓడిపోతే మనిషి మంచం పడుతుంది. ఆమె జిల్లా పరిషత్తు అధ్యక్షురాలిగా పనిచేసి, మళ్ళీ 2023లో నిలబడి 22,798 ఓట్లతో గెలిచారు. రాష్ట్రమంతా పార్టీ ఓడుతున్నప్పుడు గెలిచారు.

కోదాడలో పద్మావతి గారు 2018లో 756 ఓట్లతో ఓడారు. మరుసటి ఏడు హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో మళ్ళీ ఓడారు. 2023లో అదే కోదాడలో, అదే ప్రత్యర్థి మీద 58,172 ఓట్లతో గెలిచారు. సునీతా లక్ష్మారెడ్డి 2014లో, 2018లో ఓడి మూడోసారి 8,855 ఓట్లతో గట్టెక్కారు. సీతక్క 2014లో ఓడారు, సురేఖ 2018లో ఓడారు. పదిమందిలో అయిదుగురు అంతకుముందు అసెంబ్లీకి పోటీ చేసి ఓడినవాళ్ళే.

అసలు కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఆడవాళ్ళకు కావాల్సింది ఒక్క టికెట్టు కాదు, ఓడాక రెండో టికెట్టు. మగవాడు ఓడితే "ఈసారి గాలి బాగాలేదు" అంటారు, అయిదేళ్ళు ఓపిక పట్టమంటారు. ఆడది ఓడితే "చెప్పలేదా, ఆడవాళ్ళ వల్ల కాదని" అంటారు, ఆ సీటు ఇంకొకరికి ఇస్తారు. రెండోసారి నిలబడగలిగేది ఇంట్లో డబ్బు, భర్త బలం, పార్టీలో పెద్దల అండ ఉన్నవాళ్ళే. సర్పంచిగా బాగా పనిచేసిన ఆడమనిషి, అంగన్‌వాడీ టీచరు, మహిళా సంఘం లీడరు ఒక్కసారి అప్పు చేసి ఓడిపోతే ఇక మళ్ళీ తలెత్తదు. పుస్తెలు కుదువ పెట్టిన సంగతి పట్టికలో రాయరు కదా.

సానుభూతి కూడా ఎప్పుడూ ఆదుకోదు. లాస్య నందిత గెలిచి మూడు నెలలు నిండకముందే, 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోయింది. ముప్పై ఏడేళ్ళ పిల్ల. ఆ ఉప ఎన్నికలో చెల్లెలు నివేదితను నిలబెడితే మూడో స్థానంలో మిగిలింది. 2023లో లాస్య చేతిలో బీజేపీ తరఫున ఓడిన శ్రీగణేష్ గారు ఈసారి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2025 నవంబరులో జూబ్లీహిల్స్‌లోనూ అంతే. ఎమ్మెల్యేగా ఉంటూ చనిపోయిన మాగంటి గోపీనాథ్ గారి భార్య సునీతను బీఆర్ఎస్ నిలబెట్టింది, కాంగ్రెస్ నవీన్ యాదవ్ చేతిలో ఆమె ఓడిపోయారు. ఇంట్లో దీపం ఆరిపోయిన ఆర్నెల్లలోపే ఒక ఆడమనిషి గడపగడపకూ తిరిగి ఓట్లడగాల్సి వచ్చింది. మగాడు పోతేనే ఆమె గుర్తొస్తుందంటే, ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఏ చదువూ ఏ తెలివీ లేనట్టా?

మన ఓటు ధర ఎంత?

సీట్లివ్వడంలో ఇంత పిసినారితనం చూపించే పార్టీలు, మనకు వరాలివ్వడంలో మాత్రం పోటీలు పడ్డాయి. మహాలక్ష్మి అన్నారు, గ్యాసు సిలిండరు 500కే అన్నారు, నెలకు 2,500 అన్నారు. బస్సు ప్రయాణం 2023 డిసెంబరు 9 నుంచే ఉచితమైంది. గ్యాసు, 200 యూనిట్ల కరెంటు 2024లో మొదలయ్యాయి. నెలనెలా వచ్చే 2,500 కోసం మాత్రం ఎదురుచూపులే మిగిలాయి.

ఫ్రీ బస్సును వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. మా ఇంటికి పనికొచ్చే అక్క, మడికొండలో ఉన్న బిడ్డ దగ్గరికి నెలకోసారి పోయేది. ఇప్పుడు వారానికోసారి పోతోంది. "నా బిడ్డను చూసెతందుకు ఎవర్నీ పైసలడుగుత లేను" అంటుంది. ఆ మాట విలువ టికెట్టు ధరలో తేలదు. కానీ వరం ఇచ్చేవాడు ఎప్పుడూ పైన ఉంటాడు, పుచ్చుకునేవాళ్ళం కింద ఉంటాం. బస్సులో సీటిచ్చారు, సంతోషం. సభలో సీటు మాటేమిటి?

ఆడవాళ్ళ ఓటును తక్కువ చేసినవాళ్ళు చరిత్రలో బాగుపడలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1994 ఎన్నికల్ని ఎట్లా ఊపిందో మన అమ్మలు చెబుతారు. సారా వద్దన్న ఆ చేతులే ఆ ఏడు ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. అయితే ఆ ఆడవాళ్ళలో ఎంతమంది శాసనసభకు వెళ్ళారు? ఉద్యమం వాళ్ళది, సంతకం పెద్దాయనది. 1997లో నిషేధం సడలించినప్పుడు అడ్డుపడి గట్టిగా నిలబడాలంటే సభలో వాళ్ళుండాలి. లేరు. వరమిచ్చిన చెయ్యే దాన్ని తీసేసుకోగలదనడానికి ఇంతకన్నా పాఠం ఏం కావాలి?

నలభై కుర్చీలు వస్తే?

2023 సెప్టెంబరులో పార్లమెంటు మహిళా రిజర్వేషన్ చట్టం చేసింది. లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి. లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరే కాదన్నారు. కానీ జనాభా లెక్కలు పూర్తయి, నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీశాకే అమలని అందులోనే ముడి వేశారు. 119లో మూడో వంతంటే దాదాపు 40. ఇప్పుడున్న పదికి నాలుగింతలు.

ఆ నలభైలో ఎవరు కూర్చుంటారన్నదే నాకు దిగులు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే. 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లోనూ సగం ఊళ్ళు మనవే అయ్యాయి. అందులో ఎన్ని ఊళ్ళల్లో సర్పంచి సంతకం మాత్రమే పెడుతుంది, ఎన్ని ఊళ్ళల్లో ఆమె భర్తని "సర్పంచి సాబ్" అంటారు? అయితే ఇంకో వైపు కూడా చూశాను. మొదటి ఏడు భర్త వెనక నిలబడ్డ ఆడమనిషి మూడో ఏటికి ఎంపీడీవో దగ్గర తనే మాట్లాడడం నాకు తెలుసు. కుర్చీ మనిషికి నేర్పుతుంది. ఈత నేర్చుకున్నాకే చెరువులో దిగమంటే ఎవరూ ఎప్పటికీ దిగలేరు.

కాబట్టి చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దని నా మనవి. మీ ఊరి వార్డు మెంబర్లలో, సర్పంచుల్లో, కార్పొరేటర్లలో నిజంగా పనిచేస్తున్న ఆడవాళ్ళు ఎవరో ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. నలుగురిలో వాళ్ళ పేరెత్తండి. ఓట్లడగడానికి ఎవరొచ్చినా, బొట్టు పెట్టి చీర ఇచ్చినా, "మీ పార్టీ ఈ జిల్లాలో ఎంతమంది ఆడవాళ్ళని నిలబెట్టింది? గెలిచే సీట్లలో ఎంతమందిని?" అని ఒక్క మాట అడగండి. అడిగినందుకు ఎవరూ కొట్టరు. ఓడిపోయిన ఆడమనిషి రోడ్డు మీద ఎదురైతే మొహం తిప్పుకోకుండా పలకరించండి. ఆమె మళ్ళీ నిలబడాలంటే డబ్బు కన్నా ముందు ఆ పలకరింపు కావాలి.

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. పోలింగు రోజున ఆటోలో వెళ్ళి ఓటేసి వచ్చింది. ఎవరికేశావమ్మా అని కొడుకు అడిగితే, "నా ఓటు నేనేసుకున్న. చెప్తె ఇగ నాదెట్లయితది బిడ్డా?" అంది. ఓటు మనదని ఆ తరానికే తెలిసిపోయింది. సీటు కూడా మనదేనని మన తరం చెప్పాలి. ఈసారి ఫలితాల పట్టిక వచ్చినప్పుడు దయచేసి డబ్బాల కింద పరచకండి. ముందు మీ పిల్ల దగ్గర ఎర్ర పెన్ను తీసుకోండి. గీతలు ఎన్ని పడతాయో మీరే లెక్కపెట్టండి.